గుంజకు పది, బండకు వెయ్యి

రాళ్ళగుట్ట కింద ఒక గొర్రెల దొడ్డి ఉండేది. దానికి కాపలా ఓబులు అనే పొట్టేలు. నక్క వస్తే ఒక్క పోటుతో పడగొట్టేంత గట్టి తల కావాలని, అతను పోలయ్య అనే ముసలి ఎద్దు దగ్గర శిక్షణకు చేరి అప్పటికి ఏడాది.

శిక్షణ అంటే పెద్దగా ఏమీ లేదు. ఎండుగడ్డి తాడు చుట్టిన గుంజ ఒకటి పాతి ఉంటుంది. దాన్ని పొద్దున పదిసార్లు, సాయంత్రం పదిసార్లు గుద్దాలి. తర్వాత వాగులో తల ముంచాలి.

"తాతా, ఇరవై గుద్దితే?" అని అడిగేవాడు ఓబులు.

"పది."

"పోనీ, ఈ గడ్డి తీసేస్తే?"

"వచ్చే ఏడాది చూద్దాం."

"మరి తల ఎప్పుడు గట్టిపడుతుంది?"

"నువ్వు అడగడం మానేశాక," అని పోలయ్య నెమరు వేసుకునేవాడు.

ఇదంతా తుప్పల చాటు నుంచి నక్క చూస్తూనే ఉంది. ఈమధ్య గుంజ కదలడం కూడా చూసింది. ఇంకో ఏడాది ఊరుకుంటే గొర్రెపిల్లల మీద ఆశ వదులుకోవాల్సిందే. ఒకరోజు ఓబులు వాగు దగ్గర ఒంటరిగా ఉంటే, అవతలి గట్టున నిలబడి పలకరించింది.

"ఏం అల్లుడూ, ఇంకా గడ్డితోనే కుస్తీనా?"

"నీకెందుకు మామా?"

"జాలేసి చెబుతున్నా. గుట్ట అవతల పొట్టేళ్ళు బండనే గుద్దుతాయి. రోజుకు వెయ్యి. వారం తిరిగేసరికి బండ రెండు ముక్కలు."

"నొప్పి పుట్టదా?"

"పుడుతుంది. నొప్పి పుట్టిందంటే గట్టిపడుతున్నట్టే."

"ఏ బండ అయితే మంచిది?"

"ఏదైనా ఒకటే. వారం తర్వాత వచ్చి చూస్తాలే."

ఓబులు చాలాసేపు ఆలోచించాడు. ఆ మాటల్లో తప్పేమీ కనిపించలేదు. తాతకు చెప్పకుండా గుట్ట వెనక్కి వెళ్ళి, మొదటిరోజు ఒక బండను అరవైసార్లు గుద్దాడు. రెండోరోజు వంద. మూడోరోజు గడ్డి పరకలన్నీ రెండేసి కనిపించాయి. దొడ్డికి తిరిగొచ్చి గుంజను "తాతా" అని పిలిచాడు.

గుంజ పక్కనే ఉన్న పోలయ్య వాచిన ఆ తలను చూశాడు. తిట్టలేదు.

"ఎవరు చెప్పారు?"

"నక్క మామ. వారం తర్వాత చూడ్డానికి వస్తానంది."

"చూడ్డానికి కాదురా. తినడానికి."

ఆ తలతో ఓబులు నెల రోజుల దాకా గడ్డిమోపును కూడా పొడవలేడు. వెనక దొడ్డిలో పదకొండు పిల్లలు తల్లుల దగ్గర పాలు తాగుతున్నాయి.

"నావల్లే తాతా," అన్నాడు ఓబులు.

"అవును. పొడవలేవు సరే, కదలకుండా నిలబడగలవా?"

"నిలబడతాను."

"అయితే పిడుగు పడి చీలిన బండ ఉంది చూడు, ఆ రోజు దాని పక్కన నిలబడు. మాట తక్కువ మాట్లాడు."

ఎనిమిదో రోజు నక్క పెదాలు నాక్కుంటూ వచ్చింది. రెండుగా చీలిన బండ పక్కన ఓబులు గడ్డి నములుతూ కనిపించాడు. నక్క టక్కున ఆగిపోయింది.

"తల ఎలా ఉంది అల్లుడూ?"

"పెరిగింది మామా."

"మరి ఈ బండ..."

"నువ్వు చెప్పినట్టే." ఓబులుకు ఇంకా రెండు నక్కలు కనిపిస్తున్నాయి. రెంటికీ మధ్యన చూస్తూ మాట్లాడాడు. "దీని తర్వాత దేన్ని గుద్దాలో చెప్పలేదు నువ్వు. అందుకే నీకోసం ఎదురుచూస్తున్నా. కాస్త దగ్గరికి రా."

నక్క దగ్గరికి రాలేదు. పనుందని చెప్పి నాలుగడుగులు వెనక్కి నడిచి, ఆపైన పరుగు తీసింది. ఓబులు అక్కడే కూలబడ్డాడు.

దారిలో నక్కకు ఒక ఆలోచన వచ్చింది. నోటికొచ్చిన అబద్ధం చెబితే అదే నిజమై కూర్చుంది. ఇంత గొప్ప విద్యను ఊరికే ఒక గొర్రెజాతి వాడికి ఇచ్చేశానే అని బాధపడింది. ఆ సాయంత్రం గుట్ట అవతల నుంచి దభీమని చప్పుడు వినిపించింది. తర్వాత ఇంకొకటి.

"ఎవరు తాతా అది?" అన్నాడు ఓబులు.

"విద్యార్థి," అన్నాడు పోలయ్య.

చప్పుళ్ళు ముప్పై దాకా వచ్చి ఆగిపోయాయి. మర్నాడు నక్క ఒక పక్కకు వాలి నడుస్తూ దొడ్డి ముందు నుంచే వెళ్ళింది. గొర్రెపిల్లల వైపు చూడనైనా లేదు. దారిలో కుందేలు ఎదురైతే వినయంగా ఆగి, తన సొంత బొరియ ఎటువైపో చెప్పమని అడిగింది.

ఒళ్ళు గట్టిపడడానికి ఏళ్ళు పడుతుంది. వారం చాలని చెప్పేవాణ్ణి ముందుగా తన తల చూపించమనాలి.