మలుపు కింద భోజనం

పూర్వం ఒక రాజుగారు గుర్రాలు లేకుండా పరుగెత్తే మర రథం చేయించారు. అది పది ఎడ్లబండ్లంత బరువుండేది. కొండదారి మలుపులో మాత్రం పాత పిట్టగోడే ఉంది. దాని కిందే బుట్టలల్లే ఈరమ్మ గుడిసె.

ఈరమ్మ కొలువుకెళ్లి చేతులు జోడించింది. "రథం అదుపు తప్పితే ఆ గోడ ఆపలేదు దొరా. మా మీదే పడుతుంది."

"గడ్డిబండితో గుద్దించి చూశాం, చెక్కు చెదరలేదు. నీకేం భయం లేదు," అన్నాడు దారుల మంత్రి.

"చల్లని మాట చెప్పారు మంత్రిగారూ. రేపు రథం మొదటిసారి దిగే వేళకు తమరూ, అమ్మగారూ, పిల్లలూ మా గుడిసెలో భోంచేయాలి. జొన్నసంగటి, గోంగూర పప్పు చేస్తాను."

రాజుగారు బాగుందన్నారు. మంత్రి కాదనలేకపోయాడు.

మర్నాడు రథం కదల్లేదు. మంత్రీ రాలేదు. రాళ్లబండ్లతో నలభైమంది తాపీవాళ్లు వచ్చారు. దేవుడి దయవల్ల సంగటి అందరికీ సరిపోయింది.