కేదారి సర్దిన పట్టీ

కేదారికి మూడు రోజులుగా కుదురు లేదు. ఆశ్రమంలో ఉన్న ఒక్క కంప్యూటర్ తనంతట తానే కొత్త వేషం వేసుకుని కూర్చుంది. తెర అడుగున ఉండే టాస్క్‌బార్ పట్టీలో బొమ్మలన్నీ ఎడమ పక్క నుంచి నడిమధ్యకు జరిగాయి. తెరిచిన ఫైళ్ల పేర్లు మాయమై అన్నీ ఒకే బొమ్మ వెనక దూరాయి. పదేళ్లుగా చూడకుండా నొక్కే చోట ఇప్పుడు ఏమీ లేదు. అతనికి ఒళ్లు మండిపోయింది.

అదీ ఎప్పుడు? సరిగ్గా ఈదమ్మ వచ్చిన రోజే.

ఈదమ్మకు ఎనభై దాటాయి. ఆ ఆశ్రమం మూలగురువు కట్టిన తత్వాల్లో 'గడప పాట' అని ఒకటుంది. పదకొండు చరణాలు. అది నోటికి వచ్చినవాళ్లలో ఇక మిగిలింది ఈమె ఒక్కతే. ఫోనులో రికార్డు చేసుకుంటామంటే ఒప్పుకోదు. "మా గురువు నా చెవుల చెప్పిండు. నేను మనిషికే చెప్త" అంటుంది. అందుకని ఆమె పాడాలి, కేదారి టైపు చేయాలి. నిరంజనయ్య గురువుగారు ఆ పని శిష్యుడి చేతిలో పెట్టి, జబ్బుపడిన భక్తుణ్ణి చూడడానికి పొరుగూరు వెళ్లారు.

ఈదమ్మ పాటకు ఒక పద్ధతుంది. మధ్యలో ఆపితే అక్కణ్ణుంచి అందుకోవడం ఆమెకు రాదు. మళ్లీ మొదటి చరణం ఎత్తుకోవాల్సిందే.

కేదారి ఆపించాడు. ఒక్కసారి కాదు. పాత పట్టీని తిరిగి తెచ్చే ప్రోగ్రాం ఏదో నెట్‌లో దొరికింది. అది ఎక్కించగానే మిషన్ ఆపి మళ్లీ వేయమంది. వేశాడు. పేర్లు వచ్చాయి, గడియారం పోయింది. గడియారం తెస్తే బొమ్మలు రెండు వరసలయ్యాయి. "ఒక్క నిమిషం అవ్వా" అనేవాడు. పాపం, ఆమె మంచినీళ్లు తాగి మళ్లీ మొదలుపెట్టేది. రెండు రోజులు ఇదే తంతు.

మూడో రోజు పొద్దున గురువుగారు వచ్చారు. మధ్యాహ్నం బస్సుకు ఈదమ్మ ప్రయాణం.

"ఎంతదాక వచ్చింది?" అని అడిగారు.

"మూడు చరణాలు సామీ. ఈ పట్టీ ఒక్కటి పాత తీరుకొస్తే చాలు, ఒక్క గంటల పూర్తిచేస్త. ఏది ఎక్కడున్నదో కనబడక చెయ్యి ఆడుతలేదు."

గురువుగారు వంగి చూశారు. "గిదేనా?"

"అదే సామీ."

ఆయన గోడ మీది క్యాలెండర్‌లోంచి అయిపోయిన నెల చింపారు. ఆ పట్టీ వెడల్పుకు నిదానంగా మడిచారు. జిగురు రాసి తెర అడుగున అంటించేశారు.

"ఇగ పాడమ్మా" అన్నారు గురువుగారు.

మొదట్లో కేదారి కళ్లు ఊరికే కాగితం మీదికి పోయాయి. అక్కడ పోయిన నెల తారీఖులు తప్ప ఏమీ లేవు. నాలుగో చరణానికి అటు చూడడం మరిచిపోయాడు. ఏడు, ఎనిమిది, తొమ్మిది. ఇంత మంచి పాటా ఇది అనుకున్నాడు. పదో చరణానికి కళ్లు తడిసి అక్షరాలు అలుక్కుపోయాయి.

ఈదమ్మ ఆగింది. మోకాలి మీద తాళం ఆగలేదు, పెదాలు కదులుతున్నాయి, మాట మాత్రం రావడం లేదు. మళ్లీ మొదటి నుంచి ఎత్తుకుంది. పదో చరణం దాకా వచ్చి అక్కడే ఆగిపోయింది.

"ఆఖరుది యాదికొస్తలేదు బిడ్డా" అంది. "నిన్న పొద్దుగూకినంక మొత్తం పాడితి గద. నువ్వు ఊఁ కొట్టుకుంట కూసున్నవ్. రాసుకునే ఉంటవ్, జర చదువు, యాదికొస్తది."

నిన్న ఆ వేళకు గడియారం ఏ మూలన పెట్టాలా అని చూస్తున్నాడు కేదారి. ఏదో పాట వినబడిన జ్ఞాపకం ఉంది. ఒక్క మాటైనా గుర్తులేదు.

"నేను విననే లేదవ్వా" అన్నాడు.

ఆమె ఇంకాసేపు తాళం వేసి చూసింది. తర్వాత చెయ్యి ఒళ్లో పెట్టుకుంది.

తెర మీద పదకొండు అనే అంకె, దాని కింద ఖాళీ. కేదారి ఆ అంకె తుడిచేయబోయాడు. గురువుగారు అతని చెయ్యి పట్టుకుని ఆపారు.

"ఉండనియ్యి నాయనా. ఆ జాగ మాత్రం సర్దకు."