మలుపులోని మెట్టు

సదానందులవారు శిష్యులు ఏమడిగినా ఔననీ కాదనీ తేల్చి చెప్పేవారు కాదు. ఒక సాయంత్రం వీరభద్రయ్య అనే శిష్యుడు వచ్చి, "ధాన్యపు కొట్టుకు తాళం మార్చేశాను స్వామీ. తమ్ముడికి చెప్పలేదు. ఇంటిగుట్టు లంకకు చేటన్నారు కదా, ఇందులో తప్పేముంది?" అన్నాడు. గురువుగారు అతని మొలతాడుకు వేలాడుతున్న కొత్త తాళంచెవిని కాసేపు చూసి, కథ ఎత్తుకున్నారు.

స్కాట్లండు కొండల్లో ఒక పాడుబడిన కోట ఉందట. ఒకప్పుడు టోర్క్విల్ అనే నాయకుడు తన వంశంవాళ్లతో అందులో ఉండేవాడు. అతని గదికి పోయే మెట్లు గుండ్రంగా తిరుగుతాయి. వాటిలో కిటికీ పక్క మెట్టును కావాలనే ఎత్తుగా కట్టారు. పరాయివాడు పరుగెత్తితే కాలు తట్టుకుని పడాల్సిందే. ఇంటివాళ్ల కాళ్లకు మాత్రం అది పసితనం నుంచీ తెలుసు.

నాయకుడి తమ్ముడు ఈవర్ ఓనాడు పగవాళ్ల మనిషితో వాగు ఒడ్డున మాట్లాడుతుంటే ఎవరో చూసి, ఆ మాట అన్న చెవిన వేశారు. అనుమానం పెనుభూతం. టోర్క్విల్‌కు తిండి సయించలేదు. ఎత్తుకుని పెంచిన తమ్ముడే, ఇప్పుడు అతని అడుగు చప్పుడు వినబడితే అన్న చెయ్యి కత్తి మీదికి పోయేది. చివరికి ఈవర్ మందల వెంట వెళ్లిన రోజు చూసి, రాతిపనివాణ్ని పిలిపించి పాత మెట్టును సమం చేయించాడు. పై మలుపులో మరో మెట్టును ఎత్తు చేయించాడు. ఎవరికీ చెప్పలేదు.

ఆ మునిమాపు వేళ మెట్ల మీద పరుగు వినబడింది. ఆ అడుగులు తమ్ముడివే. టోర్క్విల్ కత్తి దూసి నిలబడ్డాడు. మలుపు దగ్గర దబ్బున చప్పుడైంది. "దొరికావురా!" అంటూ దీపం పట్టుకుని దిగాడు.

ఈవర్ తల పగిలి పడి ఉన్నాడు. చేతిలో కత్తి లేదు.

"తలుపు దించమను అన్నా... పగవాళ్లు వాగు దాటారు. ఆనాడు వాగు ఒడ్డున నేను మంచి చేసుకున్న వాళ్ల మనిషే చెప్పాడు."

నాయకుడి నోటి మాట లేనిదే కోట ఇనుప తలుపు దించకూడదన్నది అక్కడి కట్టుబాటు. ఆ మాట కోసమే ఈవర్ పరుగెత్తి వచ్చాడు. టోర్క్విల్ తమ్ముడి తల ఒళ్లో పెట్టుకుని గొల్లుమన్నాడే గాని, ఆ ఒక్క మాట అనడం మరిచిపోయాడు.

వీరభద్రయ్య మొలతాడు తాళంచెవిని గుప్పిట్లో దాచుకున్నాడు. "పగవాళ్లలో ఎందరు పడ్డారు స్వామీ ఆ మెట్టు తగిలి?" అన్నాడు.

"వాళ్లు మెట్లెక్కనే లేదు నాయనా, తెరిచి ఉన్న తలుపులోంచి జొరబడి కింద నుంచే నిప్పు పెట్టారు" అన్నారు గురువుగారు. "పొద్దుగూకుతోంది. మీ తమ్ముడు ఇల్లు చేరే వేళయింది, వెళ్లు."