తోడల్లుడి వెండి బిళ్ళ

పరాంకుశం గారు అడిగిన ప్రశ్నకు తిన్నగా జవాబు చెప్పగా విన్నవాళ్ళు కాకినాడలో ఎవరూ లేరు. కాలేజీలో తర్కశాస్త్రం చెప్పి రిటైరైన మనిషి కనుక వాదించడం చేతగాక కాదు. వాదించీ వాదించీ విసుగెత్తిపోయిందని ఆయనే అనేవారు. సాయంత్రాలు ఆయన వరండాలో గీతాపాఠానికి చేరే నలుగురైదుగురిలో ఎవరు ఏది అడిగినా, వాళ్ళ చేతికి ఒక వస్తువో, ఒక పనో ఇచ్చి పంపేవారు. ఆ పని ముగిసేసరికి అడిగినవాడికి తన ప్రశ్న మీదే చిరాకు పుట్టేది.

ఆ నలుగురైదుగురిలో భాస్కరరామం ఒకడు. మెయిన్ రోడ్డులో రంగుల దుకాణం నడుపుతాడు. నాణేలు సేకరించే పిచ్చి ఉంది, అది పాతికేళ్ళ నాటిది. ఒక ఉదయం పాఠం వేళ కాని వేళ, చంకలో గుడ్డసంచీతో వచ్చి, నమస్కారం కూడా సగంలో వదిలేసి అడిగాడు.

"గురువుగారూ, తోటివాడికి ఉన్నది నాకూ ఉండాలనుకోవడం తప్పాండి? నేనేం వాడిది లాక్కోవడం లేదు కదా. నా సొమ్ముతో నేను కొనుక్కుంటానంటున్నాను."

గురువుగారు సంచీ వైపు చూశారు. "అందులో ఏముంది?"

"మా ఆవిడ కంచం అండి. వెండిది."

ఆ కంచం ఆ సంచీలోకి ఎలా వచ్చిందో ఇక్కడ చెప్పుకోవాలి. ఆ ఏడాది ఒక టంకశాలవాళ్ళు దీపస్తంభం బొమ్మతో వెండి నాణేలు ఐదువందలే కొట్టి, ఆ తరవాత అచ్చు విరగ్గొట్టేస్తామని ప్రకటించారు. మేలిమి వెండి, గాలి చొరబడని పారదర్శకమైన డబ్బీ, పక్కన వరస అంకె వేసిన పత్రం. ధర మాత్రం లోపలున్న వెండికి రెండింతలు. ఆ పైన వేసిన మొత్తాన్ని సేకరించేవాళ్ళు ప్రీమియం అంటారు. అది వెండికి ఇచ్చేది కాదు, నలుగురి దగ్గరా లేకపోవడానికి ఇచ్చేది. ఈ కబురు తోడల్లుడు తాతారావుకు చెప్పిందే భాస్కరరామం. అసలు నాణేన్ని అంచుల దగ్గరే పట్టుకోవాలనీ, మొహం మీద వేలిముద్ర పడితే విలువ పోతుందనీ తాతారావుకు నేర్పిందీ అతనే. నేర్పినవాడు "వెండికి రెండింతలా?" అని గీచి గీచి లెక్కలు వేస్తూ కూర్చున్నాడు. నేర్చుకున్నవాడు ఆ పూటే కొనేశాడు. చూస్తూండగానే నాణేలు అయిపోయాయి. ఇంకొన్నాళ్ళకు వాటి ధర ఐదింతలకు ఎగబాకింది.

అక్కడితో ఆగినా బాగుండేది. అత్తగారింట్లో సత్యనారాయణ వ్రతానికి తాతారావు ఆ డబ్బీని జేబులో వేసుకుని వచ్చాడు. భోజనాల దగ్గర అది చేతులు మారి మారి అత్తగారి దాకా వెళ్ళింది. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని చూసి, "మా చిన్నల్లుడికి ముందుచూపు ఎక్కువేనర్రా" అంది. ఆవిడ మామూలుగానే అంది, ఆ వెంటనే పప్పులోకి నెయ్యి కూడా అడిగింది. కాని పెద్దల్లుడికి పులిహోర గొంతు దిగలేదు. ఆ ముందుచూపు నేను పెట్టిన భిక్ష కాదూ అని లోపల్లోపలే ఉడికిపోయాడు.

ఆనాటి నుంచి అతన్ని కుళ్ళు పట్టుకుంది. దానికి మరో మర్యాదైన పేరు వెతకడం అనవసరం. తాతారావు నవ్వితే తనను చూసే నవ్వాడనిపించేది. తాతారావు చొక్కా ఇస్త్రీ నలగకుండా ఉంటే అదీ నాణెం పొగరే అనిపించేది. తన పాతికేళ్ళ సేకరణ తెరిచి చూసుకుంటే ముచ్చటపడి కొన్న అణాలూ, బేడలూ, రాగి కానులూ పాత ఇనప సామానులా కనిపించేవి. దుకాణంలో తెల్లరంగు అడిగినవాడికి నీలం డబ్బా ఇచ్చి పంపి, వాడు తిరిగొచ్చి గొడవపడితే వాణ్ణే కసిరాడు. అన్నం సయించడం మానేసింది, నిద్ర సరేసరి.

చివరికి అతని భార్య హైమావతే గూట్లోంచి ఆ కంచం తీసి సంచీలో పెట్టింది. పుట్టింటివాళ్ళు ఇద్దరు ఆడపిల్లలకూ ఒకే మాదిరిగా చేయించి పెట్టిన కంచాలవి. కాపురానికి వచ్చిన దగ్గర్నుంచి ఆవిడ అందులోనే తింటోంది. "పట్టుకెళ్ళి అమ్మి, మీక్కావలసింది కొనుక్కోండి. మీ నిద్రకంటే ఇదేం ఎక్కువ కాదు" అంది. ఆ మాటలో ఉన్నది జాలో ఎత్తిపొడుపో అతనికి తెలియలేదు. ఎత్తిపొడుపే అయితే బాగుండునని మాత్రం అనుకున్నాడు. బజారుకని బయలుదేరి దారిలో గురువుగారింటి ముందు ఆగడానికి కారణం అదే. ఆయన నోటివెంట తప్పు లేదన్న మాట వస్తే, కంచం నిశ్చింతగా అమ్మేయొచ్చని అతని ఆశ.

గురువుగారు సంగతంతా విని లోపలికి వెళ్ళారు. పాత పంచాంగాల బొత్తి కదిలిన చప్పుడైంది. తిరిగొచ్చి అతని చేతిలో పెట్టింది చూస్తే, అదే దీపస్తంభం, అదే డబ్బీ, పత్రంతో సహా.

"మొన్న గురుపూర్ణిమకి విశాఖపట్నం నుంచి ఒకాయన తెచ్చి కాళ్ళ దగ్గర పెట్టి వెళ్ళాడు. ఈ బిళ్ళ నాకెందుకు? నువ్వు తీసుకో."

"ఊరికేనాండి?"

"ఊరికే. ఆ కంచం తిన్నగా ఇంటికి పట్టుకెళ్ళు."

భాస్కరరామం వీధిలోకి వచ్చి స్కూటర్ ఎక్కాడు. తన ఇల్లు ఎడమవైపు, తాతారావు ఇల్లు కుడివైపు. స్కూటర్ కుడివైపే తిరిగింది. దారి పొడుగునా తాతారావు మొహం ఎలా మాడిపోతుందో ఊహించుకుంటూ, "ఏదో, గురువుగారు ప్రసాదించారు" అన్న మాటను పైపైన అన్నట్టు ఎలా అనాలో నాలుగు రకాలుగా అనుకుని చూసుకున్నాడు. అంత హాయిగా స్కూటర్ నడిపి అతనికి చాలాకాలమైంది.

తాతారావు చాప మీద చతికిలబడి పాడైన మిక్సీని విప్పుకుంటున్నాడు. మరదలు కాఫీ తెచ్చి ఇస్తూ సంచీలోంచి తొంగిచూస్తున్న అంచును గుర్తుపట్టింది.

"అది అక్క కంచం కదా బావగారూ, ఇలా తెచ్చారేం?"

"మెరుగు పెట్టించడానికమ్మా" అన్నాడు భాస్కరరామం, కాఫీ ఊదుకుంటూ. మాట మార్చడానికన్నట్టు డబ్బీ తీసి గ్లాసు పక్కన పెట్టాడు.

తాతారావు చేతులు తుడుచుకుని, నేర్పినట్టే అంచుల దగ్గర పట్టుకుని, వెలుతురుకు ఎత్తి చూశాడు. అతని మొహం మాడలేదు. విచ్చుకుంది.

"దొరికిందా అన్నయ్యగారూ. అమ్మయ్య. నేర్పిన మీకు లేకుండా నా దగ్గరుంటే ఏదో తప్పు చేసినట్టుండేదండి. మీ కళ్ళలోకి చూడలేకపోయేవాణ్ణి."

"నీదీ తీసుకురా, పక్కపక్కన పెట్టి చూద్దాం."

తాతారావు నసిగాడు. "మీరు తిట్టనంటే చెబుతాను. మనవరాలికి పట్టీలు చేయించేశామండి. వెండి కొందామని బయల్దేరుతుంటే, ఇంట్లో ఉంచుకుని కొనడమెందుకంది మీ మరదలు. కంసాలి డబ్బీ కోసి బిళ్ళ కరిగించేశాడు."

అప్పుడే ఆ మనవరాలు పాక్కుంటూ వచ్చి మిక్సీ మూత లాక్కుంది. కాళ్ళకు పట్టీలు ఘల్లుమంటున్నాయి.

భాస్కరరామానికి ఈ లెక్క ఎవరూ చెప్పనక్కర్లేదు. ఐదువందల్లో ఒకటి తగ్గితే మిగిలినవాటి విలువ పెరుగుతుంది. తన చేతిలోది ఈ క్షణాన ఇందాకటికంటే ఖరీదైనది. సంతోషించడానికి గట్టిగా ప్రయత్నించాడు. డబ్బీలోకి చూస్తే చిన్న దీపస్తంభం, దాని కింద రెండు అలలు కనిపించాయి. అంతకుమించి ఏమీ కనిపించక ఏడుపు వచ్చినంత పనైంది. అది చాలనట్టు లోపల మళ్ళీ మంట రాజుకుంది. ఈసారి నాణెం గురించి కాదు, అలాంటి నాణేన్ని కరిగించేసి కూడా మిక్సీ విప్పుకుంటూ నవ్వగలుగుతున్న తాతారావును చూసి.

కాఫీ సగంలో వదిలేసి ఇంటికి వెళ్ళాడు. హైమావతి సంచీలోంచి కంచం తీసి కడిగి, ఆ మధ్యాహ్నం అందులోనే తింది. తనకు పెట్టిన విస్తరి ముందు అతను తల వంచుకుని కూర్చున్నాడు.

సాయంత్రం పాఠానికి అందరికంటే ముందు వచ్చి డబ్బీని గురువుగారి ముందు పెట్టాడు. "ఇది మీ దగ్గరే ఉంచండి."

"ఏం, నకిలీదా?"

"అసలుదేనండి."

"ధర పడిపోయిందా?"

"పెరిగిందండి. తాతారావు తనది కరిగించేశాడు."

"మరి?"

భాస్కరరామం ఎవరి మీదో ఫిర్యాదు చేస్తున్నవాడిలా అన్నాడు.

"వాడు సంతోషించాడండి."

గురువుగారు డబ్బీని వేలితో అతని వైపుకు నెట్టారు.

"ఉంచుకో అబ్బాయీ. వెండి మాత్రం మంచిదే."