తీతమ్మ అరుపూ, బూదెమ్మ మౌనమూ

వేరుశెనగ చేలో, కంది సాళ్ళ మధ్య, బూదెమ్మ అనే కుందేలు కాపురం ఉండేది. కాపురమంటే పెద్దగా ఏముంది, కాస్త పల్లపు చోటు, దాని మీద కంది మొక్కల నీడ. అక్కడ తన ఇద్దరు పిల్లల్నీ పడుకోబెట్టి, తను మాత్రం చేనుకు అవతలి గట్టున పగలంతా ఒక్కతే కూర్చునేది. పొద్దు గూకాక వచ్చి పాలిచ్చి మళ్ళీ వెళ్ళిపోయేది. కుందేళ్ళ ఇళ్ళలో తాతల నాటి నుంచీ అంతే.

ఆ ఏడు ఏట్లో ఇసుక లారీలు తిరగడం మొదలయ్యేసరికి, తీతమ్మ అనే తీతువు పిట్ట బతుకుదెరువు వెతుక్కుంటూ ఈ చేలోకి వచ్చింది. వచ్చినదల్లా ఊరుకుందా? కంది సాళ్ళకు కూతవేటు దూరంలో, గులకరాళ్ళ మిట్ట మీద, గూడూ గుడిసే లేకుండా గుడ్లు పెట్టేసింది. ఇక చూడండి, గేదె నడిచినా అరుపే, గాలి వీచినా అరుపే. తీతువు అరిస్తే చావు కబురు వస్తుందని ఆ చేలో ఉడత మొదలు ఉడుము దాకా అందరికీ నమ్మకం. బూదెమ్మకైతే ఆ అరుపు విన్నప్పుడల్లా గుండె గుబగుబలాడేది. ఈ మహాతల్లి గోలకు దారిన పోయే కుక్క కూడా ఇటే చూస్తుంది, తన పిల్లలేమైపోవాలి? 

ఆ గట్టు కిందే గుంటనక్క బొరియ. పరుగులో బూదెమ్మను అందుకోలేక, కుందేలు పిల్లల కోసం చేనంతా మూతి పెట్టి వాసన చూసి చూసి అది విసిగిపోయి ఉంది. ఒక మధ్యాహ్నం తీరిగ్గా వచ్చి బూదెమ్మను పలకరించింది.

"చెల్లెమ్మా, చెప్తే చెప్పినానంటావు గానీ, చేలో అంతా నీ ముచ్చటే."

"నా ముచ్చటా? ఏమంటాండారన్నా?"

"ఆ తీతమ్మను చూడు, గుడ్లు ఇంకా పగలకముందే ఎండలో నిలబడి కాపలా కాస్తాంది. నువ్వేమో కన్న పిల్లల్ని మన్ను మీద పడేసి గట్టున గాలి పీల్చుకుంటా కూర్చుంటావు. ఇది తల్లేనా అని ఆ తీతమ్మే అందరితో అంటాంది. నాకు మనసొప్పక నీ చెవిన వేస్తాండా."

బూదెమ్మకు తల కొట్టేసినట్టయింది. "అట్ల అనిందా?"

"పోయి పిల్లల దగ్గర కూర్చోమ్మా. పట్టపగలు, నలుగురూ చూసేట్టు కూర్చో. అందరి నోళ్ళూ మూతపడతాయి."

నక్క తోక ఊపుకుంటూ వెళ్ళిపోయింది. బూదెమ్మ ఎటూ తేల్చుకోలేకపోయింది. వెళ్తే పెద్దల మాట దాటినట్టు, వెళ్ళకపోతే రాతిగుండె తల్లి. పిల్లలకు ఆకలవుతోందేమో, ఎండ తగులుతోందేమో, ఇన్నాళ్ళూ తనే తప్పు చేసిందేమో. చివరికి లేచింది. రెండు గెంతులు వేసి ఆగింది, మళ్ళీ గెంతింది. కంది సాళ్ళు దగ్గరపడే కొద్దీ సిగ్గు పోయి ఒళ్ళు మండింది. ముందు ఆ నోరుగల దాన్ని నాలుగు మాటలు అడిగాకే పిల్లల దగ్గరికి పోదామని మిట్ట వైపు తిరిగింది. ఆ కోపమే ఆ పూట పిల్లల్ని కాపాడింది.

"ఏం తీతమ్మా, నేను పిల్లల్ని పారేసినానని చాటింపు వేస్తాండావంట!"

తీతమ్మ తెల్లబోయింది. "నీకు పిల్లలుండారా?"

"ఉండారా అంటే ఏంది?"

"పొద్దుగూకినాక వచ్చి కంది సాల్లో తలొంచుకొని కూర్చుంటావు గదా. పిల్లలు పోయినారు, తల్చుకొని ఏడుస్తాంది పాపం అనుకున్యా. అందుకే నీ జోలికి రాలేదమ్మా."

బూదెమ్మకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "ఏడ్చేది కాదు, పాలిచ్చేది! నా పిల్లలకు వాసనుండదు, నాకుండాది. పగలు పక్కనుంటే నా వాసన పట్టుకొని నక్క నేరుగా వస్తాది. కడుపు తరుక్కుపోతాన్నా అందుకే దూరంగా ఉంటా. మరి నువ్వో? గుడ్లు ఈడుండాయి ఈడుండాయి అని చేనంతా మోగిపోయేట్టు అరుస్తావు!"

"నేను అరిచే చోట గుడ్లుండవు." తీతమ్మ మొట్టమొదటిసారి గొంతు తగ్గించింది. "గుడ్ల మీద కూర్చున్నప్పుడు నా నోరు లేచిందేమో చెప్పు. ఎవరన్నా వస్తే మెల్లగా దూరం నడిచిపోయి, ఆడ గొంతు చించుకుంటా. వచ్చినోళ్ళు ఆడే వెతుక్కొని పోతారు. మా ఏటి ఒడ్డున అందరం ఇంతే. అది సరే, చాటింపు సంగతి నీకెవరు చెప్పినారు?"

"నక్కన్న."

ఆ మాట అంటుండగానే బూదెమ్మకు అసలు సంగతి తట్టింది. పిల్లల దగ్గరికి పొమ్మన్నదీ ఆ నక్కే.

తీతమ్మ మెడ సాచి చూసింది. "తల తిప్పొద్దు. దూరంగా, ఆ చివరి కంది మొక్కల కింద, నల్ల కొస తోక ఒకటి కదులుతాంది. నీ వెనకాలే వచ్చినట్టుంది."

బూదెమ్మ తల తిప్పలేదు. ఇంకొన్ని గెంతులు వేసి ఉంటే! పిల్లల వైపు పరిగెత్తాలని ప్రాణం కొట్టుకుంది. పరిగెత్తితే చేజేతులా చూపించినట్టే.

"ఎట్ల చేద్దాం వదినా?"

"దానికి నీ పద్ధతీ తెలీదు, నా పద్ధతీ తెలీదు. అది అనుకునేదే దానికి చూపిద్దాం. ఆ రేగుకంప పక్కన పోయి, నీ పిల్లలు ఆడనే ఉన్నట్టు కూర్చో. మిగతాది నాకొదిలెయ్."

కంచె కోసం రైతు కొట్టి కుప్ప వేసిన కంప అది, కాపలా పాక దగ్గర ఉంది. బూదెమ్మ పిల్లలకు వీపు తిప్పి అటు నడిచింది. అంత కష్టమైన నడక అది ఎన్నడూ నడవలేదు. కంప పక్కన ముడుచుకుని, పిల్లల్ని లాలిస్తున్నట్టు నేలను నాకింది. తీతమ్మ కంప పైన చక్కర్లు కొడుతూ చెవులు చిల్లులు పడేలా అరిచింది.

నక్కకు నోరూరింది. తల్లి కూర్చుందంటే పిల్లలక్కడే, పిట్ట అరుస్తోందంటే గుడ్లూ అక్కడే! ఒక్క ఉదుటున దూకింది. బూదెమ్మ పక్కకు గెంతింది. నక్క తలా, మెడా, ముందరి కాళ్ళూ ముళ్ళలో దిగబడ్డాయి.

"అరవొద్దు తల్లీ, కుక్కలొస్తాయి! నీకు దండం పెడతా!"

"నలుగురూ చూడాలంటివి గదన్నా," అంది బూదెమ్మ.

పాక దగ్గరి కుక్కలు వచ్చాయి. నక్క సగం తోలు కంపకే వదిలేసి, చేను దాటి, ఊరి పొలిమేర కూడా దాటిపోయింది. దాన్ని తరిమిన కుక్కలు తిరిగొస్తూ కంది సాళ్ళలోకి మళ్ళాయి. అప్పటికే గట్టెక్కిన బూదెమ్మ చెవులు వంచి నేలకు అతుక్కుపోయింది. పిల్లలు కదలకూడదు, తను కదలకూడదు. అప్పుడే చేను ఆ చివర తీతమ్మ అరుపు వినిపించింది. కుక్కలు అటు పరిగెత్తాయి. ఆ అరుపు ఇంకాసేపు వినిపిస్తే బాగుండునని బూదెమ్మ కోరుకుంది.

పొద్దు గూకాకే కంది సాల్లోకి వెళ్ళింది. చీకట్లో రెండు చిన్ని మూతులు దాని పొట్ట కింద వెతుక్కున్నాయి. ఆ రోజు మాత్రం తీతమ్మ అనుకున్నట్టే, బూదెమ్మ అక్కడ తలొంచుకుని నిజంగా ఏడ్చింది.

పక్కవాళ్ళ పద్ధతి ఎందుకలా ఉందో వాళ్ళనే అడగాలి. మనం అడగకపోతే నక్క వచ్చి చెబుతుంది.