మహారాజుగారి దోమల శాస్త్రం

ఒకానొక రాజ్యాన్ని ఉద్దండవర్మ అనే రాజు ఏలేవాడు. పొరుగువాళ్లెవరూ దండెత్తి రాకపోవడంతో ఆయనకు బోలెడంత తీరిక. ఆ తీరికలో జ్యోతిషం, వ్యాకరణం, వంటలు, ఏనుగుల పెంపకం, ఏది తోస్తే దానిమీద గ్రంథం రాసేశాడు. ఎన్ని రాశాడో ఆయనకే గుర్తులేదు. పండితులు మాత్రం తమ గ్రంథాల్లో "మహారాజుగారు సెలవిచ్చినట్టు" అని తాటాకుకొకసారి రాసుకునేవారు. జీతమిచ్చేది ఆయనే మరి.

ఒకనాడు రాజు ఆజ్ఞ జారీచేశాడు. ఎవరి గ్రంథాన్ని ఇతరులు తమ గ్రంథాల్లో ఎక్కువసార్లు పేర్కొంటే వాళ్లే గొప్ప. ఎవరూ పేర్కొననివాడికి కొలువు లేదు.

లెక్క తీస్తే రాజే మొదట నిలిచాడు. ఆఖరున పశువైద్యుడు కొమరయ్య. ఆయన రాసింది పశువుల రోగాల మీద ఒక్క చిన్న పుస్తకం. దాన్ని చదివేది కాపరులు, మావటివాళ్లు. వాళ్లు గ్రంథాలు రాయరు.

"వచ్చే పౌర్ణమికి వెళ్లిపొమ్మన్నారు గుండనా! నలుగురు పిల్లల్ని వేసుకుని ఎక్కడికి పోను?" అన్నాడు కొమరయ్య.

గుండన రాజుగారి గ్రంథాలయం చూసేవాడు. "పౌర్ణమికింకా నెలుంది కదా మామా. నువ్వెళ్లి గేదెల్ని చూసుకో" అన్నాడు.

మర్నాడు అతను పట్టుగుడ్డలో ఒక తాటాకుల కట్ట చుట్టి గ్రంథాలయంలో పీఠం మీద పెట్టాడు. 'శ్రీ మహారాజులవారి దోమల శాస్త్రం' అని చీటీ కట్టాడు. పండితులు వచ్చారు, దండం పెట్టారు, పోయారు. ముడి విప్పినవాడు లేడు.

పౌర్ణమినాడు సభ తీరింది.

"ప్రభూ, ఈ నెలలో నలభై గ్రంథాలు తమ దోమల శాస్త్రాన్ని పేర్కొన్నాయి. దోమ కుట్టే ముహూర్తాన్ని తమరు తేల్చేశారని జ్యోతిష్కులు రాశారు. దోమ పాడే రాగం మీద తమ మాటకు తిరుగులేదని సంగీత విద్వాంసులు రాశారు" అన్నాడు గుండన.

రాజు మీసం దువ్వాడు. "అవునవును. మూడో అధ్యాయానికి చాలా శ్రమపడ్డాను."

"అదే ఒకసారి చదివి వినిపించండి ప్రభూ" అంటూ గుండన కట్ట అందించాడు.

రాజు ముడి విప్పాడు. మొదటి ఆకు ఖాళీ. రెండోదీ ఖాళీ. చివరిదాకా ఒక్క గీత లేదు. పండితులు తలలెత్తి కప్పు దూలాలు చూడసాగారు.

"ఏమిటిది గుండనా?"

"నలభైమంది మెచ్చిన గ్రంథం ప్రభూ. కొమరయ్య పుస్తకాన్ని ఎవరూ మెచ్చలేదు. కానీ మొన్న పట్టపుటేనుగుకు కడుపుబ్బితే, మావటి తమరి గజశాస్త్రానికి దండం పెట్టి, కొమరయ్య పుస్తకం విప్పాడు. ఏనుగు లేచింది."

రాజు ముఖం కందగడ్డయింది. కాసేపటికి భుజాలు కదిలాయి. ఆపైన సింహాసనం ఊగేలా నవ్వాడు. అది చూసుకుని పండితులూ నవ్వారు.

"కొమరయ్య కొలువు కొమరయ్యదే!" అని ప్రకటించి, రాజు తన వేలి ఉంగరం తీసి గుండనకు తొడిగాడు. తర్వాత ఖాళీ ఆకుల కట్టను చేతిలోకి తీసుకున్నాడు.

"దీన్ని భద్రంగా దాచవయ్యా. నా గ్రంథాలన్నిటిలో తప్పుల్లేనిది ఇదొక్కటే."