మరుపు లేని చిలక

కాత్యాయని గారిని ఏదైనా అడిగితే జవాబు వెంటనే రాదు. ముందు అడిగినవాళ్ల చేత ఏదో ఒక పని చేయిస్తారు. కాకినాడలో భౌతికశాస్త్రం పాఠాలు చెప్పి రిటైరయ్యాక ఆమె, ఫోన్లో తెలుగు రాసుకోవడానికి 'చిలక' అనే కీబోర్డు తయారుచేశారు. అది ఉచితం. దాని లోపలి కోడ్‌ని ఎవరైనా చూడవచ్చు, సరిదిద్దవచ్చు. అలా సరిదిద్దడానికి ముందుకొచ్చిన కుర్రాళ్లూ అమ్మాయిలూ ఆదివారం పొద్దున్నే ఆమె ఇంటి హాల్లో చాపల మీద చేరతారు. చిలకను వాడేవాళ్లు మెయిల్లో రాసి పంపినవన్నీ చదివి, ఒక్కోదానికీ రెండు చీటీల్లో ఒకటి తగిలిస్తారు. ఒకటి లోపం, రెండోది కోరిక. లోపమైతే వెంటనే బాగుచేయాలి. కోరికైతే తీరిక దొరికినప్పుడు చూడవచ్చు. ఆ తీరిక ఎప్పుడు దొరుకుతుందో, ఇంట్లో ఏదో ఒక కోరిక చెప్పుకున్న ఏ ఆడమనిషిని అడిగినా చెబుతుంది.

చీటీలు తగిలించే పని నిఖిలేశ్‌ది. తెలివైనవాడు, నెమ్మదస్తుడు. ఒక ఆదివారం అతనికి విసుగొచ్చింది.

"మేడమ్‌గారూ, అసలు లోపానికీ కోరికకీ తేడా ఎలా తెలుస్తుందండీ? అందరూ తమదే లోపం అంటారు. ఒకాయన ఉన్నాడు, మీటలకి బంగారు రంగు లేకపోవడం ఘోరమైన లోపమట. రోజూ రాస్తాడు."

"ఆయనకేం చీటీ పెట్టావు?"

"లోపమనే పెట్టానండి. లేకపోతే ఊరుకునేలా లేడు."

పక్కనే కూర్చున్న మనోరమ పక్కున నవ్వింది. ఆమె కూడా చిలక కోడ్ రాసేవాళ్లలో ఒకతె. "అరిచి చెబితే లోపం, మెల్లగా చెబితే కోరిక. నీ పద్ధతి భలే ఉంది గురూ!"

"మెల్లగా చెప్పినవాళ్లది ఒకటి చదువు, విందాం" అన్నారు కాత్యాయని గారు.

నిఖిలేశ్ కోరికల వరసలోకి వెళ్లి, చేతికి అందినది చదివాడు. రాసినామె పేరు పెట్టుకోలేదు.

"నాకూ మా ఆయనకీ ఒకటే ఫోను. నేను రాసిన మాటలు ఆయన రాసేటప్పుడు పైన కనపడుతున్నాయి. మెసేజీ తీసేసినా చిలక మరిచిపోవట్లేదు. మొన్న ఆయన ఏదో రాస్తుంటే లేడీస్ హాస్టల్ అని చూపించింది. హాస్టల్ ఎవరికే అని అడిగాడు. మా అక్క కూతురికని చెప్పాను. ఈసారి ఏం చూపిస్తుందోనని భయంగా ఉంది. అది మరిచిపోయేలా చెయ్యండి, మీకు పుణ్యముంటుంది."

చదవడం అయిపోయాక అతనే వివరణ ఇచ్చాడు. "పాపం, ఆవిడ పరిస్థితి నాకు అర్థమైందండి. కానీ చిలక తప్పేమీ చెయ్యలేదు కదా. రాసే మాటలు నేర్చుకోవడం, గుర్తుంచుకోవడం, ముందుగానే అందించడం, మనం దానికి నేర్పిందే అది. నేర్పినట్టే పనిచేస్తుంటే లోపమని ఎలా అంటాం? అందుకే కోరిక అని పెట్టాను."

మాటలో ఎక్కడా తప్పు పట్టడానికి లేదు. ఇలాంటి తప్పు పట్టలేని మాటలు పెళ్లి గురించీ కోర్టు గురించీ కూడా మనం బోలెడు విని ఉన్నాం.

కాత్యాయని గారు వాదించలేదు. "నీ ఫోను ఒకసారి మనోరమకివ్వు" అన్నారు.

ఇచ్చాడు. మనోరమ చిలకను తెరిచి, "ఏం రాయమంటారండీ?" అంది.

"నా గురించే ఓ మంచి ముక్క రాయమ్మా. 'మేడమ్' అని మొదలుపెట్టు."

మనోరమ రాసింది. వెంటనే పైన ఒక మాట ప్రత్యక్షమైంది. ఆమె దాన్ని నొక్కింది. మరొకటి వచ్చింది. అదీ నొక్కింది. చిలక ఎంతో ఒద్దికగా అందిస్తూ పోయింది. పైకి చదవాలా వద్దా అన్నట్టు ఆమె తలెత్తి చూసింది.

"చదువు."

"మేడమ్... చాదస్తం... భరించలేక... చస్తున్నాం."

నిఖిలేశ్ చెవులు కందిపోయాయి. "ఇటివ్వు మనోరమా!" అంటూ ఫోను లాక్కోబోయాడు.

"ఉండవయ్యా, ఎంత చక్కగా పనిచేస్తోందో చూడనీ" అన్నారు కాత్యాయని గారు.

"సారీ అండి. ఎప్పుడో ఫ్రెండ్‌కి సరదాగా రాశాను. ఆ మెసేజీ అప్పుడే తీసేశాను కూడా. ముందు దీన్ని ఆ మాటలు మరిచిపోయేలా చెయ్యాలండి, ప్లీజ్."

"మరిచిపోవాలా?" అన్నారామె తాపీగా. "అది కోరిక కింద రాసుకో. తీరిక దొరికితే చూద్దాం."

అతను పోగొట్టుకునేది, మహా అయితే ఒక పెద్దావిడ దగ్గర కాస్త మంచిపేరు. ఆవిడ కోపగించుకోనూ లేదు, పైగా నవ్వుతూనే ఉంది. అయినా అతను ఫోను తీసుకుని చాప మీద బోర్లా పెట్టేశాడు. ఇంకెవరూ చెప్పకుండానే ఆ పేరు లేని ఆమె ఫిర్యాదుకి చీటీ మార్చాడు. అతనూ మనోరమా పక్కపక్కన కూర్చుని, అడిగితే తప్ప చిలక ఏ మాటనూ దాచుకోకుండా కోడ్ తిరగరాశారు. పాతవి కూడా తుడిచిపెట్టుకుపోయేలా చేశారు. భోజనాల వేళకి పని పూర్తయింది.

"ఆవిడకి రాసేస్తానండి. సంతోషిస్తుంది" అంటూ నిఖిలేశ్ మెయిల్ తెరిచాడు.

కాత్యాయని గారు అతని మణికట్టు మీద చెయ్యి వేసి ఆపారు. "నువ్వు రాసేది ఏ ఫోన్లో తెరుచుకుంటుంది?"

అతని వేళ్లు మీటల మీదే ఆగిపోయాయి. ఈ ప్రాజెక్టులో ఒక ఆనవాయితీ ఉంది. ఫిర్యాదుకి జవాబు పంపితే, ఆ జవాబు కింద ఫిర్యాదు మొత్తం మళ్లీ అచ్చవుతుంది. ఏ విషయం గురించి మాట్లాడుతున్నామో అవతలివాళ్లకి గుర్తుండాలని, మర్యాదగా ఉంటుందని అలా పెట్టుకున్నారు.

"ఇదివరకు ఏమైనా పంపావా?" అని అడిగారు కాత్యాయని గారు.

"పంపానండి." అతను మీటల మీంచి వేళ్లు తీశాడు. "మీ సూచనకు ధన్యవాదాలు, పరిశీలిస్తాం అని. దాని కింద... ఆవిడ రాసిందంతా..."

మనోరమ అతని వంక చూడలేదు. ఆ ఆనవాయితీని నడిపే వరసని వెతికి పట్టుకుని కోడ్‌లోంచి తీసేసింది. ఇకముందు రాసేవాళ్లకి అది పనికొస్తుంది.

"ఆ తర్వాత ఆవిడ దగ్గర్నుంచి ఏమైనా వచ్చిందా?" అని అడిగింది, పని ఆపకుండానే.

"లేదు. మళ్లీ రాయలేదు. రాయలేదు కదా, ఏదోలా సర్దుకుని ఉంటుందిలే అనుకున్నాను."

కాత్యాయని గారు కళ్లజోడు తీసి చాప మీద పెట్టారు. ఎవరి వైపూ చూడకుండా అన్నారు.

"మళ్లీ రాయనివాళ్లందరినీ సుఖంగా ఉన్నవాళ్ల కింద లెక్కేసుకునే కదయ్యా, ఇన్నాళ్లూ మన చిలక బాగుందనుకున్నాం."